మల్టీ ఎఫెక్ట్స్‌లో ఏది ముందు, ఏది వెనక, ఏది పక్కన?

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకూ తెలియాలి కాబట్టి ముందు నీ ప్రశ్నను కొంచెం కుదించి రాస్తాను. గిటార్‌కి సెకండ్ హ్యాండ్‌లో రెండు పాత్‌లున్న (శబ్దం వెళ్లే దారులు రెండున్న) మల్టీ ఎఫెక్ట్స్ కొన్నావు, అంటే చాలా ఎఫెక్ట్ బ్లాకులు ఒకే పెట్టెలో ఉన్న యూనిట్. కూకట్‌పల్లిలో మీ ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చేసుకున్న ప్యాచ్ (బ్లాకులను పేర్చి దాచుకున్న సెట్టింగ్) బ్రహ్మాండంగా ఉంది. అదే ప్యాచ్ ఆదివారం సికింద్రాబాద్ చర్చిలోనూ, గచ్చిబౌలి కేఫ్‌లోనూ ముద్దముద్దగా వినిపిస్తోంది, సోలో అసలు పైకి రావడం లేదు. నీ వరస ఇది: కోరస్ (శ్రుతిని కొంచెం ఊపి శబ్దాన్ని జంటగా చేసేది), డిలే (ప్రతిధ్వని), డ్రైవ్ (గరగరలాడించేది), యాంప్, రివర్బ్ (హాల్లో ఉన్నట్టు మారుమోత), చివర క్యాబ్ (స్పీకర్ పెట్టె నకలు). బ్లాకులు ఎలా పేర్చాలి, ప్యారలల్ (రెండు దారులూ పక్కపక్కన) ఎప్పుడు వాడాలి, మీ బ్యాండ్‌లో వయొలిన్ వాయించే అమ్మాయిని కూడా ఇదే యూనిట్‌లోకి తీసుకోవచ్చా అని అడిగావు. క్యాబ్ చివర పెట్టడమే తప్పని నీకు ఎవరో చెప్పారట.

క్యాబ్ గురించి కంగారు పడకు. అసలు తేడా అక్కడ లేదు, డ్రైవ్ ముందున్న డిలేలో ఉంది.

ఏ యూనిట్ అయినా, ఎన్ని బ్లాకులున్నా, ముందు చూడాల్సింది ఒక్కటే: చెయిన్‌లో సిగ్నల్‌ను నలిపే, అంటే డిస్టార్షన్ (గరగర) పుట్టించే బ్లాక్ ఎక్కడుంది? డ్రైవ్, ఫజ్ (ఇంకా ముతక డిస్టార్షన్), గెయిన్ (లోపల సిగ్నల్‌ను పెంచే మోతాదు) బాగా పెంచిన యాంప్, ఇవి నలిపేవి. ఈక్యూ (అడుగు, మధ్య, పై శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించేది), మామూలు డిజిటల్ డిలే, రివర్బ్, క్యాబ్ ఐఆర్ (స్పీకర్ పెట్టె శబ్దాన్ని కొలిచి దాచిన ఫైల్), ఇవి నలపవు. రెండు శబ్దాలను కలిపి పంపినా, విడివిడిగా పంపి తర్వాత కలిపినా వీటి నుంచి ఒకే ఫలితం వస్తుంది. ఇలాంటి బ్లాకులను లీనియర్ అంటారు. లీనియర్ బ్లాకుల మధ్య వరస మార్చినా శబ్దం మారదు. ఈక్యూ ముందు పెట్టి డిలే తర్వాత పెట్టు, మళ్లీ తిరగేసి పెట్టు, కళ్లు మూసుకుని విను. తేడా పట్టుకోలేవు. డిలేలో టేప్ మోడల్ లాంటిది ఉండి అది కొంచెం నలుపుతుంటే, లేదా రివర్బ్‌లో మాడ్యులేషన్ (శబ్దాన్ని మెల్లగా ఊపడం) ఉంటే కాస్త తేడా వస్తుంది, అంతే. అందుకే నీ క్యాబ్ రివర్బ్ తర్వాత ఉన్నా టోన్ చెడిపోదు. ఒక్క ఇబ్బంది ఉంది. నీ క్యాబ్ బ్లాక్ మోనోది అయితే దాని ముందున్న స్టీరియో రివర్బ్ అంతా అక్కడ మోనో అయిపోతుంది. ఆ కారణంతో క్యాబ్‌ను యాంప్ పక్కకు జరుపు.

నలిపే బ్లాక్ విషయం వేరు. దాని ముందున్నదీ వెనకున్నదీ పూర్తిగా రెండు వేర్వేరు ప్రపంచాలు. ఎందుకో లెక్కతో చెబుతాను, ఇది ఒక్కటి అర్థమైతే మిగతా వరస నువ్వే పేర్చుకుంటావు.

రెండు స్వరాలు కలిపి డిస్టార్షన్‌లోకి పంపితే ఆ రెండే బయటికి రావు. వాటి కూడిక, వాటి తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. 220 హెర్ట్జ్ దగ్గరున్న ‘ఏ’ (A) స్వరం, దాని పైన 330 దగ్గరున్న ‘ఈ’ (E) స్వరం, రెండూ కలిపి వాయిస్తే తేడా 110. అది కింది ఆక్టేవ్‌లోని ‘ఏ’. శ్రుతిలోనే ఉంది, కాబట్టి శబ్దం బలంగా, నిండుగా అనిపిస్తుంది. పవర్ కార్డ్ (ఇలా రెండు స్వరాలతోనే కట్టే కార్డ్) డిస్టార్షన్‌లో అంత బాగుండటానికి కారణం ఇదే. ఇప్పుడు 220 ‘ఏ’తో పాటు 277 దగ్గరున్న సీ షార్ప్ వాయించు. తేడా 57. అక్కడ కింద ‘ఏ’ అంటే 55, ‘ఏ షార్ప్’ అంటే 58 పైచిలుకు. అంటే ఏ ఒక్క స్వరానికీ చెందని ఒక గురగుర కింద పుట్టింది. మేజర్ కార్డ్ మొత్తం హై గెయిన్‌లో వాయిస్తే గజిబిజిగా ఉండేది అందుకే.

ఇక నీ చెయిన్‌కి రా. డ్రైవ్ ముందు డిలే ఉంది. అంటే నువ్వు జీ కార్డ్ నుంచి డీకి మారినప్పుడు, జీ ప్రతిధ్వనీ కొత్త డీ కార్డూ రెండూ కలిసి డ్రైవ్‌లోకి వెళ్తున్నాయి. రెండు కార్డుల్లోని స్వరాలన్నిటికీ కూడికలూ తేడాలూ పుడుతున్నాయి. హెడ్‌ఫోన్స్‌లో నువ్వు ఒక్కడివే కాబట్టి అది మందంగా, అందంగా అనిపించింది. బేస్, కీబోర్డ్, డ్రమ్స్ కలిసే సరికి ఆ గురగురంతా బేస్ గిటార్ ఉండాల్సిన చోటును ఆక్రమించింది. డిలేను క్యాబ్ తర్వాత పెట్టు. అప్పుడు నలిగిన శబ్దానికి శుభ్రమైన ప్రతిధ్వని వస్తుంది. సగం సమస్య ఈ ఒక్క మార్పుతో పోతుంది.

డ్రైవ్ ముందు డిలే పెట్టడం పూర్తిగా తప్పని మాత్రం అనను. తక్కువ గెయిన్ ఉన్న యాంప్‌లోకి ఎకో పంపితే ఒక పాతకాలపు రుచి వస్తుంది, ప్రతిధ్వనులు మెల్లగా తగ్గేకొద్దీ మరింత శుభ్రంగా అవుతూ వెళ్తాయి. సింగిల్ నోట్స్‌కి చాలా బాగుంటుంది. నువ్వు వాయించే నిండు కార్డులకు మాత్రం కుదరదు.

ఇదే చూపుతో మిగతావి చూడు. డ్రైవ్ ముందు ఈక్యూ పెడితే ఏ స్వరాలు ఎక్కువ నలగాలో నిర్ణయిస్తున్నావు. డ్రైవ్ తర్వాత పెడితే నలిగిన దాని రంగు మారుస్తున్నావు. హై గెయిన్‌లో బేస్ బురదగా ఉంటే డ్రైవ్ ముందే 100 హెర్ట్జ్ కింద కొయ్యి, తర్వాత కోస్తే అంత శుభ్రం కాదు. సోలోకి వాల్యూమ్ పెరగాలంటే బూస్ట్ (లెవెల్ పెంచే బ్లాక్) డ్రైవ్ తర్వాతే ఉండాలి. ముందు పెడితే గెయిన్ పెరుగుతుంది కానీ వాల్యూమ్ పెద్దగా పెరగదు, ఎందుకంటే నలిపే బ్లాక్‌కి పైకప్పు ఉంటుంది. సోలో పైకి రావడం లేదన్నావే, నీ బూస్ట్ ఎక్కడుందో ఒకసారి చూసుకో. వాల్యూమ్ పెడల్ కూడా అంతే. డ్రైవ్ ముందు పెడితే గెయిన్ తగ్గించే పెడల్, డ్రైవ్ తర్వాత డిలే ముందు పెడితే తోక (మెల్లగా ఆరిపోయే ప్రతిధ్వని) మిగిల్చే పెడల్, అన్నిటికన్నా చివర పెడితే మొత్తం నోరు మూసే పెడల్. వర్షిప్‌లో స్వెల్స్ (స్వరం మెల్లగా పైకి వచ్చేలా) వాయించేవాడివి కాబట్టి నీకు మధ్యదే కావాలి. వా (కాలితో ‘వావ్’ అనిపించే పెడల్), కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులను సర్దేది) ముందుండనీ. కోరస్ ముందుంటే డ్రైవ్ దాన్ని కరకరలాడిస్తుంది, వెనకుంటే విశాలంగా పరుచుకుంటుంది. నీ పాటలకు వెనకే నయం.

బయటి ఫజ్ పెడల్ ఎప్పుడైనా కొంటే దాన్ని యూనిట్ లూప్‌లో (సెండ్, రిటర్న్ జాక్‌ల మధ్య) పెట్టకు. గిటార్ నుంచి నేరుగా ఫజ్‌లోకి, అక్కడి నుంచి యూనిట్‌లోకి. పాత డిజైన్ ఫజ్‌లు గిటార్ పికప్‌తో నేరుగా మాట్లాడుకుంటేనే మెత్తగా పలుకుతాయి, మధ్యలో బఫర్ (సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) వస్తే గరగరలాడతాయి.

ఇప్పుడు ప్యారలల్. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, ఎక్కువమంది పొరబడేది కూడా ఇక్కడే. సీరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి పేరిస్తే) ప్రతి బ్లాకూ తన ముందున్న మొత్తాన్నీ మారుస్తుంది. ప్యారలల్‌లో అసలు శబ్దం ఒక దారిలో చెక్కుచెదరకుండా వెళ్తుంది, మార్పు పక్క దారిలో జరిగి చివర్లో వచ్చి కలుస్తుంది. కాబట్టి పాత్ బీ (రెండో దారి) తెరిచే ముందు ఏది చెక్కుచెదరకూడదో నిర్ణయించుకో. దానికి జవాబు లేకపోతే రెండో పాత్ అక్కర్లేదు.

డిలే, రివర్బ్ విషయంలో జవాబు స్పష్టం. సీరీస్‌లో డిలే తర్వాత రివర్బ్ ఉంటే ప్రతి ప్రతిధ్వనికీ మళ్లీ రివర్బ్ అంటుకుంటుంది. నెమ్మదైన పాటలో అది మబ్బులా పరుచుకుని బాగుంటుంది. వేగంగా సాగే పాటలో మాత్రం ఒక్క రిపీట్ కూడా విడిగా వినపడదు. డిలేను ఒక పాత్‌లో, రివర్బ్‌ను ఇంకో పాత్‌లో పెడితే రిపీట్లు పొడిగా, స్పష్టంగా ఉంటాయి, రివర్బ్ అసలు స్వరానికే తగులుతుంది. నీ కేఫ్ ప్యాచ్‌కి ఇది చెయ్యి, నెమ్మదైన ఆరాధన గీతాలకు సీరీస్ ప్యాచ్ వేరుగా ఉంచుకో. రెండూ కావాలి.

బేస్ వాయించే మీవాడికి ఇంకా ఎక్కువ ఉపయోగం. బేస్ మొత్తం డ్రైవ్‌లోకి పంపితే అడుగు పోతుంది. సుమారు 200 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ను రెండుగా చీల్చి, కింది భాగం కంప్రెసర్‌తో శుభ్రంగా ఒక దారిలో, పై భాగం డ్రైవ్‌తో ఇంకో దారిలో పంపమను. అడుగు గట్టిగా నిలబడుతుంది, పైన పదును వస్తుంది. చాలా యూనిట్లలో స్ప్లిట్ బ్లాక్‌లోనే క్రాసోవర్ అనే రకం ఉంటుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పాత్ బీలో ఉన్నది డిలే అయినా, రివర్బ్ అయినా దాని మిక్స్ 100 శాతం పెట్టాలి. 30 శాతమే పెడితే మిగతా 70 శాతం పొడి శబ్దం (ఎఫెక్ట్ తగలని అసలు శబ్దం) కూడా ఆ దారి గుండా వచ్చి పాత్ ఏలోని పొడి శబ్దంతో కలుస్తుంది. ఒకే సిగ్నల్ రెండు దారుల్లో సమానంగా వచ్చి కలిస్తే 6 డీబీ (డెసిబెల్స్) పెరుగుతుంది. ఎఫెక్ట్ ఆన్ చేశాక బాగుందనిపించడంలో ఎక్కువ భాగం ఆ 6 డీబీ మాయే. ఎఫెక్ట్ మోతాదును మిక్సర్ బ్లాక్‌లో పాత్ బీ లెవెల్‌తో సర్దుకో. ఫేజర్‌ను (శబ్దం సుడి తిరిగినట్టు చేసే బ్లాక్‌ను) మాత్రం ఇలా పక్క దారిలో పెట్టకు. అది పొడి శబ్దంతో తనలో తాను కలుపుకునే పని చేస్తుంది, బయట ఇంకా పొడి కలిపితే పల్చబడుతుంది.

ఇంకొకటి, ఆలస్యం. డిజిటల్ యూనిట్‌లోకి శబ్దం వెళ్లి బయటికి రావడానికి కొద్ది మిల్లీసెకన్లు పడుతుంది. యూనిట్ లోపల రెండు పాత్‌లు కలిస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ గిటార్‌ను స్ప్లిట్ చేసి ఒకటి నేరుగా మిక్సర్‌కి, ఇంకొకటి యూనిట్ గుండా మిక్సర్‌కి పంపితే రెండూ వేర్వేరు సమయాల్లో చేరతాయి. తేడా 1 మిల్లీసెకన్ అయినా 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంతలు పడతాయి. గిటార్ ప్రాణం ఉండేది అక్కడే. టోన్ డబ్బాలోంచి వస్తున్నట్టు బోలుగా మారుతుంది. అలా కలపాల్సి వస్తే యూనిట్ నుంచి వచ్చేది పూర్తిగా వెట్ (ఎఫెక్ట్ శబ్దం మాత్రమే) అయ్యుండాలి, అప్పుడు ఆలస్యం రివర్బ్‌లో కలిసిపోతుంది.

పాత్ బీకి ఎక్స్‌ప్రెషన్ పెడల్ తగిలిస్తే చాలా అందంగా ఉంటుంది. అది నడిపే వాల్యూమ్ బ్లాక్‌ను పాత్ బీ మొదట్లో, డిలే కన్నా ముందు పెట్టు. లైన్ చివరి స్వరం దగ్గర మాత్రం కాలు నొక్కితే ఆ ఒక్క స్వరమే ప్రతిధ్వనిస్తూ వెళ్లిపోతుంది, కాలు తీశాక వాయించేదంతా పొడిగానే ఉంటుంది. సీరీస్ చెయిన్‌లో మిక్స్ నాబ్ తిప్పితే ఇది రాదు. అలాగే పాట మధ్యలో ప్యాచ్ మార్చకు, చాలా యూనిట్లలో తోక తెగిపోతుంది. స్నాప్‌షాట్, సీన్ అనే పేర్లతో ఉండే సౌకర్యంతో ఒకే ప్యాచ్ లోపల బ్లాకులు ఆన్, ఆఫ్ చేసుకో. డిలే బ్లాకులో ట్రెయిల్స్ (బ్లాక్ ఆపినా తోకను ఉంచేది) ఆన్‌లో ఉంచు.

ఇంట్లో బాగుండి బయట చెడిపోవడానికి వరస కాక మరో రెండు కారణాలున్నాయి. చిన్న వాల్యూమ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఇంట్లో రాత్రి పూట మెల్లగా పెట్టుకుని ప్యాచ్ చేస్తే తెలియకుండానే బేస్, ట్రెబుల్ పెంచేస్తాం, మిడ్స్ (మధ్య శబ్దాలు) తగ్గించేస్తాం. స్టేజ్ మీద వాల్యూమ్ పెరగగానే అడుగు ఉప్పొంగుతుంది, పైన గుచ్చుకుంటుంది, మధ్యలో గిటార్ ఉండదు. ప్యాచ్ చివరి ఈక్యూ సర్దుబాటు కనీసం ఒక్కసారైనా రిహార్సల్ గది స్పీకర్‌లో, బ్యాండ్‌తో కలిసి చెయ్యాలి. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద, 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ పైన కొయ్యి. ఒంటరిగా వింటే పల్చగా అనిపిస్తుంది, బ్యాండ్‌లో కుదురుతుంది.

రెండోది హాల్. మన ఫంక్షన్ హాళ్లు, కేఫ్‌లు, కొత్తగా కట్టిన చాలా చర్చిలు గ్రానైట్ నేల, గాజు, ఖాళీ గోడలతో ఉంటాయి. వెనక గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం వెళ్లి తిరిగి స్టేజ్‌కి చేరడానికి 100 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే నువ్వు డబ్బు పెట్టకుండానే ఒక స్లాప్ ఎకో (చటుక్కున ఒకసారి వచ్చే ప్రతిధ్వని) నీకు దొరికింది, దాని మీద మళ్లీ 45 శాతం రివర్బ్ పెట్టావు. హెడ్‌ఫోన్స్‌లో గది లేదు కాబట్టి అది అవసరమనిపించింది. కళా ప్రదర్శనల కోసం కట్టిన రవీంద్రభారతి లాంటి చోటా, కొంపల్లి వైపు ఫంక్షన్ హాల్లోనూ ఒకే రివర్బ్ మోతాదు నడవదు. రివర్బ్ లెవెల్‌ను ఒక నాబ్‌కి కేటాయించుకుని, సౌండ్ చెక్‌లో సగానికి తగ్గించి మొదలుపెట్టు. రివర్బ్ పాత్‌లో ముందే ఒక ఈక్యూ పెట్టి అడుగు కొయ్యి. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో రివర్బ్‌కి పంపే సిగ్నల్‌ను 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేవారు. గిటార్‌కి 300 దగ్గర కోసినా చాలు, ముద్దతనం వెంటనే వదులుతుంది. ప్రీ డిలే ఒక 40 మిల్లీసెకన్లు ఇస్తే స్వరం ముందు, రివర్బ్ తర్వాత వినిపిస్తాయి.

మోనో సంగతి తప్పకుండా అడుగు. ఇక్కడ చాలా చోట్ల సౌండ్ వాళ్లు గిటార్‌కి ఒకే లైన్ ఇస్తారు. చాలా యూనిట్లలో పావు అంగుళం ఎడమ జాక్ ఒక్కటే పెడితే రెండు వైపులా కలిపి ఇస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్ తరహా మూడు పిన్నుల జాక్) నుంచి ఎడమ ఒక్కటే తీసుకుంటే మాత్రం సెట్టింగ్స్‌లో మోనో అని నువ్వే పెట్టుకోవాలి, లేకపోతే పింగ్ పాంగ్ (ఎడమా కుడీ మారుతూ వచ్చే) డిలేలో సగం రిపీట్లు మాయమవుతాయి. ఇంట్లోనే ఒకసారి మోనోలో పెట్టి విను. కోరస్ పల్చబడితే స్టీరియో కోరస్ తీసి మోనోది పెట్టు.

చర్చిలో ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్, అంటే యాంప్ ముందు భాగం, తర్వాత ఉండే సెండ్, రిటర్న్ జాక్‌లు) ఉన్న యాంప్ ఉందన్నావు కాబట్టి ఫోర్ కేబుల్ పద్ధతి క్లుప్తంగా చెబుతాను. గిటార్ యూనిట్ ఇన్‌పుట్‌కి. యూనిట్ సెండ్ యాంప్ ఇన్‌పుట్‌కి. యాంప్ సెండ్ యూనిట్ రిటర్న్‌కి. యూనిట్ అవుట్‌పుట్ యాంప్ రిటర్న్‌కి. ప్యాచ్‌లో లూప్ బ్లాక్ ఎక్కడ పెడితే అక్కడ యాంప్ ప్రీయాంప్ కూర్చుంటుంది, అదే నీ నలిపే బ్లాక్. డ్రైవ్ దాని ముందు, డిలే, రివర్బ్ దాని వెనక. ఈ ప్యాచ్‌లో యాంప్ మోడల్, క్యాబ్ ఆఫ్‌లో ఉండాలి. హమ్ వస్తే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడు, ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకకు, 230 వోల్టులతో ప్రాణానికే ప్రమాదం. కేబుల్స్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే మంచి జాక్‌లు తీసుకుని పొడవు సరిపోయేలా చేయించుకోవచ్చు.

ఇక వయొలిన్. నీ యూనిట్‌కి రెండో ఇన్‌పుట్ ఉంది, దాన్ని పూర్తిగా వేరే పాత్‌గా పెట్టి, వేరే అవుట్‌పుట్‌కి పంపగలిగితే నిరభ్యంతరంగా తీసుకో. నువ్వు ఎడమ, ఆమె కుడి, మిక్సర్‌లో రెండు చానెళ్లు. ఆమె ముందుగా సరిచూడాల్సింది ఇంపీడెన్స్ (ఇన్‌పుట్ సిగ్నల్‌కి ఇచ్చే అడ్డు). వయొలిన్‌కి పీజో (వాద్యం కంపనాన్ని పట్టే) పికప్ ఉంటే దానికి కనీసం 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి, అంతకన్నా ఎక్కువైతే ఇంకా మంచిది. తక్కువ ఇంపీడెన్స్ ఉన్న లైన్ ఇన్‌పుట్‌లో పెడితే అడుగంతా పోయి కీచుగా వస్తుంది. అప్పుడు చిన్న ప్రీయాంప్ మధ్యలో పెట్టాలి. ఆమె పాత్‌లో యాంప్, గిటార్ క్యాబ్ వద్దు. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన పడిపోతుంది, కమాను గాలి అంతా ఆ పైనే ఉంటుంది.

ఆమె కర్ణాటక పద్ధతిలో నేర్చుకుందని రాశావు. అయితే కోరస్, హార్మొనైజర్ (స్వరానికి తోడు స్వరం పుట్టించేది) పెట్టకు. కోరస్ శ్రుతిని అటూ ఇటూ ఊపి పని చేస్తుంది, గమకం మీద ఆ ఊపు పడితే ఆమె పట్టిన స్వరస్థానం చెదురుతుంది. స్కేల్‌కి కట్టేసిన హార్మొనీ అయితే జారుకు మెట్లు కట్టేస్తుంది. మెల్లని కంప్రెసర్, హై పాస్ (అడుగు కోసేది), ఫీడ్‌బ్యాక్ వచ్చే చోట ఒక సన్నని నాచ్ (ఒక్క చోటే కోసే ఈక్యూ), పక్క దారిలో రివర్బ్, ఇవి చాలు. ఫోన్‌లో తంబూరా పెట్టుకుంటే దాన్ని ఆక్స్ ఇన్‌లోకి (ఫోన్ లాంటివి పెట్టే అదనపు జాక్) ఇవ్వు. ఆక్స్ ఏ బ్లాక్ గుండా వెళ్లకుండా నేరుగా అవుట్‌పుట్‌కి వెళ్తోందో లేదో మాన్యువల్‌లో చూడు. రివర్బ్ గుండా వెళ్తే తంబూరా ఆగకుండా దాన్ని నింపుతూనే ఉంటుంది, వయొలిన్ తోకకు చోటు మిగలదు.

ఆమె పికప్ రకం, చర్చి స్టేజ్ బాక్స్‌లో (స్టేజ్ మీద లైన్లు పెట్టే పెట్టెలో) మీకు ఎన్ని లైన్లు ఇస్తారో కనుక్కుని రాయి. రెండు లైన్లే అయితే నువ్వు మోనో, ఆమె మోనో. మూడు దొరికితే నీ డిలే, రివర్బ్‌లను స్టీరియోగా ఎలా పంపాలో చెబుతాను.